కొత్త దేశంలో మొదటి మూడు నెలలు: బరువు సంగతి అప్పుడే చూసుకోండి

కొత్త దేశంలో దిగిన మొదటి వారాల్లో బరువు గురించి ఆలోచించే తీరిక ఎవరికీ ఉండదు. ఇల్లు వెతుక్కోవాలి, బ్యాంకు ఖాతా తెరవాలి, పిల్లలుంటే బడిలో చేర్పించాలి, ఉద్యోగంలో కుదురుకోవాలి. ఏది దొరికితే అది తినేస్తాం. నడక, వ్యాయామం అన్నీ సర్దుకున్నాక చూద్దాంలే అనుకుంటాం. నేనూ అలాగే అనుకున్నాను. ఏడాది తిరిగేసరికి తొమ్మిది కిలోలు పెరిగాను. అందులో ఏడు కిలోలు తగ్గించుకోవడానికి రెండేళ్లు పట్టింది. అందుకే ఇప్పుడు కొత్తగా వచ్చినవాళ్లు ఎవరైనా సలహా అడిగితే, ఇల్లు, ఉద్యోగం, బడి గురించి చెప్పాక ఈ మాట కూడా చెప్తున్నాను: బరువు సంగతి మొదటి మూడు నెలల్లోనే చూసుకోండి.

ఇది నా ఒక్కరి అనుభవం కాదు. వలస వెళ్లినవాళ్ల ఆరోగ్యం మీద చాలా దేశాల్లో జరిగిన పరిశోధనల్లో ఇదే ధోరణి కనిపిస్తుంది. వచ్చిన కొత్తలో వాళ్లు తరచుగా స్థానికుల కన్నా ఆరోగ్యంగానే ఉంటారు. ఏళ్లు గడిచేకొద్దీ ఆ తేడా తగ్గిపోతుంది, బరువు పెరుగుతుంది.

మూడు నెలలు అని ఎందుకంటున్నానో చెప్తాను. రోజూ చేసే పనుల్లో చాలావరకు మనం ఆలోచించి చేసేవి కావు. అదే దారి, అదే కుర్చీ, అదే వేళ. వాటిని చూడగానే చెయ్యి దానంతటదే కదులుతుంది. చోటు మారితే ఈ వరస తెగిపోతుంది. బాస్ వెర్‌ప్లాంకెన్, డెబోరా రాయ్ అనే పరిశోధకులు 2016లో ఒక ప్రయోగం ప్రచురించారు. అందులో పాల్గొన్న 800 మందిలో సగం మంది ఈమధ్యే ఇల్లు మారినవాళ్లు, మిగతా సగం ఉన్నచోటే ఉన్నవాళ్లు. నీళ్లు, కరెంటు వాడకం, ప్రయాణం లాంటి అలవాట్లు మార్చుకోమని రెండు గుంపుల్లోనూ కొందరికి ఒకేలా సాయం చేస్తే, ఇల్లు మారినవాళ్లలో ఫలితం ఎక్కువగా కనిపించింది. ఆ వీలు కూడా ఇల్లు మారాక దాదాపు మూడు నెలల వరకే ఉంది. అది తిండి మీద చేసిన ప్రయోగం కాదు. అయినా అలవాటు పనిచేసే తీరు ఎక్కడైనా ఒకటే కాబట్టి, దేశమే మారినవాళ్లకి ఆ వీలు ఇంకా బాగా అక్కరకొస్తుందని నా నమ్మకం. ఆఫీసు నుంచి ఏ దారిన ఇంటికొస్తారు, సాయంత్రం ఆకలేస్తే ఏం తింటారు, సెలవు రోజు ఎలా గడుపుతారు అన్నవి ఈ కొద్ది వారాల్లోనే స్థిరపడిపోతాయి. మీరు ఎంచుకోకపోతే, అలసిపోయిన రోజున ఏది సులువుగా అనిపించిందో అదే అలవాటుగా మిగిలిపోతుంది.

మనసు రావట్లేదని ఆగకండి

"తెలుసండీ, కానీ మనసు రావట్లేదు." నేను ఎక్కువగా వినే మాట ఇదే. మనసు వచ్చాక మొదలుపెడదాం అని కూర్చుంటే నెలలు గడిచిపోతాయి. మొదలుపెట్టిన రెండు మూడు వారాలకి నిద్ర కాస్త బాగా పడుతుంది, మెట్లెక్కితే వచ్చే ఆయాసం తగ్గుతుంది. ఉత్సాహం వచ్చేది అప్పుడు. అందాకా ఉత్సాహం అవసరం లేనంత చిన్న పనితో నెట్టుకురావాలి. పది నిమిషాల నడక అలాంటిది. గంటసేపు జిమ్ అలాంటిది కాదు.

కారణం మాత్రం మీ సొంతదై ఉండాలి. ఫొటోల్లో బాగా కనబడాలని, ఎవరో ఏదో అన్నారని మొదలుపెట్టినవి ఎక్కువ కాలం నిలబడవు. మనుషుల్ని ఏది కదిలిస్తుందన్న దాని మీద దశాబ్దాల పాటు పనిచేసిన ఎడ్వర్డ్ డెసీ, రిచర్డ్ రయాన్ చెప్పింది కూడా దాదాపు ఇదే: బయటి ఒత్తిడితో చేసే పని కన్నా, తనకే విలువైనదిగా తోచి చేసే పనిలో మనిషి ఎక్కువ కాలం నిలబడతాడు. నా కారణం చాలా మామూలుది. ఒక చలికాలం నాలుగు రోజులు జ్వరంతో పడుకున్నప్పుడు, ఇక్కడ నేను మంచాన పడితే చూసుకునేవాళ్లు ఎంత తక్కువో అర్థమైంది. నా ఒంటిని నేనే కాపాడుకోవాలి అని ఆ రోజు కాగితం మీద రాసుకున్నాను. మీ కారణం వేరే కావచ్చు. పిల్లలతో పరిగెత్తాలని ఉండొచ్చు, ఇంట్లో అందరికీ ఉన్న షుగర్ మీకు రాకూడదని ఉండొచ్చు. ఏదైనా సరే, ఒక్క వాక్యంలో రాసిపెట్టుకోండి.

తర్వాత ఆ కారణానికి ఒక వేళ, ఒక చోటు కట్టండి. "ఇకనుంచి నడుస్తాను" అంటే కుదరదు. "బస్సు దిగగానే, ఇంటి తలుపు తియ్యకముందే, పది నిమిషాలు నడుస్తాను" అనాలి. పీటర్ గోల్విట్జర్ అనే మనస్తత్వవేత్త 1990లలో ఇలాంటి "ఫలానాది జరగగానే ఫలానా పని చేస్తాను" అనే సంకల్పాల మీద పరిశోధించారు. ఉత్త కోరిక కన్నా ఇలా ముడిపెట్టిన పని జరిగే అవకాశం ఎక్కువని ఆ తర్వాత చాలా పరిశోధనల్లో తేలింది.

అలవాటు 21 రోజుల్లో పడిపోతుందన్న మాట నమ్మి 22వ రోజు నిరాశపడకండి. లండన్‌లో ఫిలిప్పా లాలీ బృందం 96 మందితో చేసిన అధ్యయనంలో, ఒక పని ఆలోచించకుండా జరిగిపోయే స్థితికి రావడానికి మధ్యస్థంగా 66 రోజులు పట్టింది. మనిషిని బట్టి, పనిని బట్టి అది 18 రోజుల నుంచి 254 రోజుల దాకా ఉంది. అదే అధ్యయనంలో ఇంకో మంచి సంగతి తేలింది. మధ్యలో ఒక రోజు తప్పిపోయినా అలవాటు పడే క్రమం పెద్దగా దెబ్బతినలేదు. ఈ ఒక్క ముక్క ముందే తెలిసి ఉంటే నేను మొదటి ఏడాది మూడు సార్లు మొదలుపెట్టి మూడు సార్లు వదిలేసేదాన్ని కాదు. ఒక రోజు తప్పగానే అంతా పాడైపోయిందని అనుకునేదాన్ని.

దుకాణంలో మొదటి నెల

బరువు తగ్గే పనిలో ఎక్కువ భాగం తిండిదే. అరగంట చురుగ్గా నడిస్తే 70 కిలోల మనిషికి సుమారు 150 కిలోక్యాలరీలు ఖర్చవుతాయి. 330 మిల్లీలీటర్ల తీపి కూల్‌డ్రింక్ డబ్బా ఒకటి తాగితే సుమారు 140 తిరిగొచ్చేస్తాయి. ఆ డబ్బాలో ఉండే చక్కెర దాదాపు 35 గ్రాములు. రోజుకి 2,000 కిలోక్యాలరీలు తినే మనిషికి, విడిగా కలిపిన చక్కెర, తేనె, పళ్లరసాల్లోని చక్కెర అన్నీ కలిపి 50 గ్రాములు దాటకూడదని, 25 గ్రాముల లోపు ఉంటే ఇంకా మంచిదని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క. కాబట్టి ఎవరైనా ఎక్కడ మొదలుపెట్టాలని అడిగితే తాగేవాటితో మొదలుపెట్టమంటాను. తీపి పానీయాల బదులు నీళ్లు తాగడం ఒక్కటే చేసినా తేడా తెలుస్తుంది. ఇందులో ఆకలి ఓర్చుకోవాల్సిన పని కూడా లేదు.

కొత్త దేశంలో దుకాణం మనల్ని ఎంత మోసపుచ్చుతుందో మొదట్లో తెలియదు. ప్యాకెట్లు కొత్త, భాష కొత్త, కొలతలు కొత్త. మొదటి నెలలో ఒక రోజు, తొందర లేనప్పుడు, కడుపు నిండుగా ఉన్నప్పుడు వెళ్లి, మీరు మామూలుగా కొనే పది ప్యాకెట్ల వెనకవైపు చదవండి. కొన్ని దేశాల్లో శక్తిని కిలోజౌళ్లలో రాస్తారు. దాన్ని 4.2తో భాగిస్తే కిలోక్యాలరీలు వస్తాయి, అంటే 2,100 కిలోజౌళ్లు 500 కిలోక్యాలరీలు. కొన్నిచోట్ల లెక్క 100 గ్రాములకి ఉంటుంది, కొన్నిచోట్ల ఒక సర్వింగ్‌కి, అంటే ఒకసారి తినే మోతాదని ప్యాకెట్ మీద రాసినదానికి, ఉంటుంది. ఈ సర్వింగ్ దగ్గరే చాలామంది పొరబడతారు. 150 గ్రాముల ప్యాకెట్ మీద సర్వింగ్ 30 గ్రాములు, 150 కిలోక్యాలరీలు అని రాసి ఉంటే, ప్యాకెట్ మొత్తం తిన్నవాళ్లకి చేరేది 750. పదార్థాల జాబితాను సాధారణంగా బరువు ఎక్కువున్నదాని నుంచి తక్కువున్నదాని వరకు రాస్తారు. మొదటి మూడింటిలో చక్కెర కనిపించినా, గ్లూకోజ్ సిరప్, డెక్స్‌ట్రోజ్, మాల్టోజ్ లాంటి పేర్లు కనిపించినా అది తీపి పదార్థమే, పైన ఆరోగ్యం అని ఎంత పెద్ద అక్షరాలతో రాసి ఉన్నా.

ప్యాకెట్ తిండి గురించి ఇంత గట్టిగా చెప్పడానికి కారణం ఉంది. 2019లో అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థల్లో కెవిన్ హాల్ బృందం 20 మందిని నాలుగు వారాలు అక్కడే ఉంచింది. రెండు వారాలు బాగా ప్రాసెస్ చేసిన తిండి, రెండు వారాలు మామూలుగా వండిన తిండి పెట్టింది. రెండు రకాల భోజనాల్లోనూ వడ్డించిన క్యాలరీలు, చక్కెర, కొవ్వు, పీచు సరిపోలేలా చూశారు, కావలసినంత తినమన్నారు. ప్రాసెస్ చేసిన తిండి తిన్న రోజుల్లో వాళ్లు రోజుకి దాదాపు 500 కిలోక్యాలరీలు ఎక్కువ తిని, రెండు వారాల్లో కిలోకి కొద్దిగా తక్కువ పెరిగారు. మామూలు తిండి తిన్నప్పుడు అంతే తగ్గారు. దీన్నిబట్టి ఎక్కువ తినడం అంతా మీ బలహీనతేనని మిమ్మల్ని మీరు నిందించుకోనవసరం లేదు. ఇంట్లో ఏం పెట్టుకున్నారో దాన్ని బట్టే చాలావరకు జరుగుతుంది.

వండుకోవడానికి ఓపిక ఉండదు, నిజమే. వారానికి రెండు సార్లు ఎక్కువ మొత్తంలో వండి చిన్న డబ్బాల్లో ఫ్రిజ్‌లో పెట్టుకోవడం నాకు బాగా పనికొచ్చింది. పళ్లెంలో సగం కూరగాయలు, పావు భాగం పప్పులో గుడ్లో ఇంకేదైనా ప్రోటీనో, పావు భాగం ధాన్యం. అంతకుమించి కొలతలు పెట్టుకోలేదు. ప్రోటీన్ తగినంత ఉంటే కడుపు నిండిన భావన ఎక్కువసేపు నిలుస్తుంది, బరువు తగ్గేటప్పుడు కండ కరగడం కూడా తగ్గుతుంది. పూటలు మానేయొద్దు. మధ్యాహ్నం మానేసినవాళ్లు సాయంత్రం ఏం తింటారో నాకు బాగా తెలుసు.

ఒళ్లు కదిలించడం

పెద్దవాళ్లకి వారానికి 150 నుంచి 300 నిమిషాల ఓ మోస్తరు వ్యాయామం, రెండు రోజులైనా కండరాలకి బలమిచ్చే కసరత్తు అవసరమని 2020లో ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పింది. ఓ మోస్తరు అంటే మాట్లాడగలగాలి, పాట పాడలేకపోవాలి. 150 నిమిషాలంటే రోజుకి అరగంట చొప్పున అయిదు రోజులు. దాన్ని పది నిమిషాల ముక్కలుగా చేసుకున్నా లెక్కలోకి వస్తుంది. రోజుకి 10,000 అడుగులు తప్పనిసరి అన్న టెన్షన్ వద్దు. ఆ అంకె 1960లలో జపాన్‌లో అమ్మిన ఒక అడుగుల లెక్క యంత్రం పేరు నుంచి వచ్చింది, అంతకన్నా తక్కువ అడుగులతోనూ మేలు జరుగుతుంది.

కొత్త ఊరిని నడిచే తెలుసుకోండి. రెండు స్టాపుల ముందు దిగండి, పోస్టాఫీసుకీ లైబ్రరీకీ కాలినడకన వెళ్లండి. వీధులు తెలుస్తాయి, ముఖాలు గుర్తుపడతారు. వచ్చిన మొదటి వారమే ఏడాది జిమ్ ఒప్పందం మీద సంతకం పెట్టకండి. నేను పెట్టాను, మధ్యలో మానుకుంటే డబ్బు తిరిగి రాదన్న షరతు చదవలేదు. ముందు ఆరు వారాలు నడిచి చూడండి. అప్పటికీ జిమ్ కావాలనిపిస్తే నెలవారీగా చేరండి.

చలిదేశాల్లో అయితే అసలు పరీక్ష చలికాలం. సాయంత్రం నాలుగింటికే చీకటి పడితే మనసు కూడా ముడుచుకుపోతుంది. ఇంటి బెంగ, ఒంటరితనం ఉన్నప్పుడు చెయ్యి తిండి వైపు పోతుంది. అది ఆకలి కాదని ఆ క్షణంలో తెలియదు. నాకు ఉపయోగపడింది ఒక్కటే: తినేముందు ఇంటికి ఫోన్ చెయ్యడం. మాట్లాడుతూ గదిలోనే అటూ ఇటూ నడిచేదాన్ని. పది నిమిషాల తర్వాతా ఆకలి ఉంటే తినేదాన్ని. మధ్యాహ్నం భోజన విరామంలో వెలుతురు ఉండగానే బయటికి వెళ్లి నడవండి. నిద్ర తగ్గితే ఆకలి పెరుగుతుంది కాబట్టి, సొంతూరి వేళలకి ఫోన్లో రాత్రంతా మేలుకోవడం తగ్గించుకోండి. వీలైతే మీలాగే కొత్తగా వచ్చిన ఒకరిని తోడు తెచ్చుకోండి. ఎదురుచూసే మనిషి ఉన్న రోజు మానెయ్యాలనిపించదు. రోజంతా దిగులుగానే ఉంటే, అది వారాల తరబడి పోకపోతే, బరువు సంగతి పక్కన పెట్టి ముందు దాని గురించి డాక్టరుతో మాట్లాడండి.

కొలతలు, డాక్టరు

వారానికి ఒకసారి, ఉదయం, ఒకే వేళకి బరువు చూసుకుంటే చాలు. నీళ్లు, ఉప్పు వల్ల బరువు రోజురోజుకీ కిలో, రెండు కిలోలు అటూ ఇటూ అవుతుంది. మొదటి వారంలో జర్రున తగ్గేదాంట్లోనూ చాలావరకు నీరే, తర్వాత నెమ్మదిస్తే బెంబేలు పడొద్దు. వారానికి అర కిలో నుంచి కిలో దాకా తగ్గితే మంచి వేగం. 80 కిలోల మనిషి ఆరు కిలోలకి కాస్త తక్కువ తగ్గినా మేలు చిన్నది కాదు. షుగర్ వచ్చే ప్రమాదం ఉన్నవాళ్ల మీద అమెరికాలో జరిగి 2002లో ప్రచురితమైన పెద్ద అధ్యయనంలో 7 శాతం బరువు తగ్గడం, వారానికి 150 నిమిషాల నడక లక్ష్యాలుగా పెడితే, సుమారు మూడేళ్లలో షుగర్ బారిన పడటం 58 శాతం తగ్గింది.

కొత్త దేశంలో డాక్టరు దగ్గర నమోదైన రోజే బరువు, నడుము కొలత, బీపీ, షుగర్ రాయించుకోండి. బీఎంఐ, అంటే ఎత్తుకి తగ్గ బరువు ఉందో లేదో చూపే అంకె, 25 దాటితేనే అధిక బరువని చాలాచోట్ల అంటారు. ఆసియా మూలాలున్నవాళ్లకి 23 దగ్గరే జాగ్రత్త మొదలవ్వాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ నిపుణులు 2004లో సూచించారు. 165 సెంటీమీటర్ల ఎత్తుకి 23 అంటే సుమారు 62.5 కిలోలు, 25 అంటే 68. నడుము మగవాళ్లకి 90, ఆడవాళ్లకి 80 సెంటీమీటర్లు దాటుతుంటే ఆ సంగతి మీరే ఎత్తండి. తిండి మారకపోయినా బరువు పెరుగుతుంటే థైరాయిడ్ పరీక్ష గురించి, వాడుతున్న మందుల గురించి అడగండి. షుగర్‌కి ఇన్సులిన్ గానీ మాత్రలు గానీ వాడుతున్నవాళ్లు తిండి తగ్గించే ముందే డాక్టరుకి చెప్పాలి, లేకపోతే షుగర్ ఉన్నట్టుండి పడిపోవచ్చు. ఆ రోజు రాయించుకున్న కాగితం పాస్‌పోర్టుతో పాటే దాచుకోండి, వచ్చే ఏడాది అదే నెలలో మళ్లీ తీసి చూసుకోవాలి.