మామిడి తొలిచే మీసాల పురుగు: మచ్చల రంగును నమ్మకండి

గత నెల వానకు బెంగళూరు రామమూర్తినగర్‌లోని మా వీధిలో ఒక పాత మామిడిచెట్టు పెద్దకొమ్మ విరిగి, కింద నిలిపిన రెండు బండ్ల మీద పడింది. విరిగిన చోట వేలు దూరేంత సొరంగాలు, వాటి నిండా తడి రంపపుపొట్టు కనిపించాయి. నిరుడు ఆ చెట్టు కిందే దొరికిన పొడవాటి మీసాల పురుగును పొరుగింటివారు అట్టపెట్టెలో దాచి, కొన్ని నెలల తరువాత తీసి, ఫోన్‌లోని చిత్రంలో మచ్చలు నారింజ రంగులో ఉండగా తమ పురుగుకు తెల్లగా ఉన్నాయి కనుక ఇది మామిడికి హాని చేసేది కాదని తేల్చుకున్నారు. పెట్టె తెరిచి చూస్తే అది మామిడి కాండం తొలిచే బటోసెరా రూఫోమాక్యులేటాయే.

బతికి ఉన్నప్పుడు పసుపు, నారింజ రంగుల్లో కనిపించే ఆ మచ్చలు పురుగు చచ్చి ఎండిన తరువాత వెలిసి తెల్లబడతాయి. అందుచేత రంగును బట్టి పేరు పెట్టకండి. చూడవలసింది ఆకారం: వక్షానికి, అంటే తలకూ రెక్కలకూ మధ్య భాగానికి, రెండు వైపులా పొడుచుకువచ్చిన ముళ్లు, వక్షం మీద మూత్రపిండాల ఆకారంలో ఉండే జంట మచ్చలు, రెక్కలు మొదలయ్యే చోట నడిమధ్యన తెల్లని చిన్న ఫలకం, ఆ రెక్కల మొదట్లో గరుకుగా తగిలే నల్లని బుడిపెలు. దీనిని పోలిన బటోసెరా రూబస్ కూడా మామిడిని తొలుస్తుంది కనుక, ఈ రెండింటిలో ఏదన్న వాదన తోటవారికి కాలయాపన మాత్రమే.

మీసాల పొడవు కూడా మోసం చేస్తుంది, ఎందుకంటే మగదానికి అవి శరీరాన్ని బాగా మించి ఉంటాయి. పరిమాణమూ అంతే, పిల్లపురుగుగా తిన్న తిండిని బట్టి ఒకే జాతిలో చిన్నవీ పెద్దవీ పుడతాయి. ఫోన్ యాప్ ఆసియా పొడవు మీసాల పురుగు అని చెబితే కంగారు పడకండి. 1996లో న్యూయార్క్‌లో బయటపడి అక్కడ వేల చెట్లను నరికించిన ఆ పురుగు నిగనిగలాడే నలుపు. దాని మీసాల మీద నలుపు తెలుపు పట్టీలుంటాయి, ఫలకం నల్లగా ఉంటుంది. మనది బూడిద కలిసిన గోధుమరంగు.

తొలకరితో ఇవి బయటికి వస్తాయి, రాత్రి దీపాల దగ్గరికి చేరతాయి. చేత్తో పట్టుకోకండి, దవడలు గట్టివి. ఫొటో పైనుంచి ఒకటి, పక్కనుంచి ఒకటి, తల దగ్గరగా ఒకటి, స్కేలు పక్కన పెట్టి, పురుగు దొరికిన రోజే తీయండి. మచ్చల రంగును ఆ రోజే రాసిపెట్టండి, కానీ దానితో జాతిని తేల్చకండి. ఎండిన పురుగును చిత్రంతో పోల్చకండి. పిల్లపురుగును చూసి జాతి చెప్పేవారి మాట వినకండి. అనుమానం ఉంటే హెబ్బాళ్‌లోని జాతీయ వ్యవసాయ కీటక వనరుల సంస్థను గాని, హెసరఘట్టలోని ఉద్యాన పరిశోధన సంస్థను గాని అడగండి. కాండం మొదట్లో రంపపుపొట్టు రాలుతుంటే, పురుగు పేరు తేలినా తేలకపోయినా, ఆ చెట్టు కింద బండి నిలపకండి, పిల్లలకు ఉయ్యాల కట్టకండి.