ఇంజిన్‌లో బోల్టు తెగితే... డ్రిల్ పట్టుకునే ముందు చూసుకోవాల్సినవి

లారీ ఇంజిన్‌కి ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ (సిలిండర్ల పొగను బయటికి తీసుకెళ్లే గొట్టాల భాగం) విప్పుతున్నప్పుడు బిగుసుకుపోయిన బోల్టు ఉన్నట్టుండి మెత్తగా తిరిగితే సంతోషపడకండి. చాలాసార్లు అది వదలడం కాదు, తెగడం. తల సాకెట్‌లోకి వస్తుంది, మిగతా ముక్క సిలిండర్ హెడ్‌లో (సిలిండర్లను పైనుంచి మూసే భాగం) ఉండిపోతుంది. అప్పటికి పోయింది ఒక్క బోల్టే. సిలిండర్ హెడ్ దాకా నష్టం పాకేది ఆ తర్వాతి అరగంటలో, కంగారులో.

ముందు అది ఎలా తెగిందో చూడండి. వేడికి మానిఫోల్డ్ పొడవునా సాగుతుంది, చల్లారాక ముడుచుకుంటుంది. ఆ లాగుడు ఎక్కువగా రెండు చివర్ల బోల్టుల మీద పడుతుంది కాబట్టి బండి నడుస్తుండగానే అవి తెగిపోవడం మామూలే. అలా తెగినదైతే ముక్క మరల్లో మరీ బిగుసుకుని ఉండకపోవచ్చు, కాస్త ఓపిక పడితే వచ్చేస్తుంది. మనం విప్పుతుండగా తెగిందంటే మాత్రం తుప్పు గట్టిగా పట్టేసిందని అర్థం. ఈ రెండింటికీ ఒకే మందు పనిచేయదు.

పని మొదలెట్టే ముందు బండిని గట్టి, చదునైన నేల మీద నిలిపి, హ్యాండ్‌బ్రేక్ వేసి, చక్రాలకు అడ్డుకట్టలు పెట్టండి. క్యాబిన్ ఎత్తి పనిచేసే బండి అయితే దాన్ని పూర్తిగా ఎత్తి, లాక్ పడిందో లేదో చేత్తో తడిమి చూడండి. జాకీ ఒక్కదాని భరోసాతో సగం ఎత్తిన క్యాబిన్ కింద తల పెట్టొద్దు. ఇంజిన్ చల్లారనివ్వండి. బోల్టు రంధ్రం వాటర్ జాకెట్‌లోకి (ఇంజిన్ లోపల కూలంట్ తిరిగే దారి) తెరుచుకునే ఇంజిన్లు కొన్ని ఉన్నాయి. మీది అలాంటిదేమో మాన్యువల్‌లో చూసి, అయితే ముందే కూలంట్ దించేయండి. లేకపోతే సగం పనిలో నీళ్లు కారతాయి, వెల్డింగ్ అంటుకోదు.

మానిఫోల్డ్ తీసేశాక పోర్టులు, టర్బో నోళ్లు తెరిచి ఉంటాయి. డ్రిల్ రజను ఒక్క పలుకు టర్బో చక్రం మీదికో, తెరిచి ఉన్న వాల్వు గుండా సిలిండర్‌లోకో పోయిందంటే మొదటి పని కన్నా పెద్ద పని మొదలైనట్టే. అన్నిటినీ మూయండి. గుడ్డలు కుక్కితే ఎన్ని కుక్కారో లెక్క రాసుకోండి, మూసేటప్పుడు ఒకటి లోపల మర్చిపోవడం వింతేమీ కాదు. డ్రిల్ బిట్‌కు, ట్యాప్‌కు (రంధ్రంలో మరలు కోసే పనిముట్టు) కాస్త గ్రీజు పూస్తే రజను దానికే అంటుకుంటుంది. కంప్రెసర్ గాలితో ఊదేటప్పుడు కళ్లద్దాలు తప్పనిసరి, రంధ్రానికి ఎదురుగా మొహం పెట్టకూడదు. తిరిగే డ్రిల్ దగ్గర వదులు చేతుల చొక్కా వద్దు, గుడ్డ గ్లౌజులూ వద్దు. బిట్ గ్లౌజును పట్టుకుంటే వేళ్లనూ లాక్కుపోతుంది.

తుప్పు వదిలించే ఆయిల్ కొట్టి వదిలేయండి. నిమిషాల్లో పని కాదు, వీలైతే రాత్రంతా నాననివ్వాలి. మధ్యమధ్యలో ముక్క మీద సుత్తితో చిన్న దెబ్బలు వేస్తే మరల మధ్య తుప్పు పగిలి ఆయిల్ లోపలికి దిగుతుంది. ముక్క బయటికి కనిపిస్తుంటే వైస్ గ్రిప్‌తో పట్టి, విప్పే వైపుకే బలం పెట్టకుండా కొంచెం బిగిస్తూ కొంచెం వదులుతూ ఆడించండి. కదలిక మొదలైతే చాలు, సగం గెలిచినట్టే.

మంట పెట్టాల్సి వస్తే, అంతకుముందు ఆ చోట బ్రేక్ క్లీనర్ కొట్టి ఉండకూడదు. క్లోరిన్ ఉన్న రకం మీద మంటో వెల్డింగో పడితే ఫాస్జీన్ అనే విషవాయువు పుడుతుంది. దాన్ని కొంచెం పీల్చినా ప్రమాదమే. తుప్పు ఆయిల్, డీజిల్ తడి కూడా తుడిచేసి, మంటలార్పే సిలిండర్ చేతికందేంత దూరంలో పెట్టుకోండి. పోత ఇనుము హెడ్ అయితే బోల్టు చుట్టూ వేడి చేయొచ్చు. అల్యూమినియం హెడ్ దగ్గర చాలా జాగ్రత్త, ఇనుములా ఎర్రబడి హెచ్చరించదది. 660 డిగ్రీల సెల్సియస్ కన్నా ముందే, రంగు మారకుండానే కరిగి కూర్చుంటుంది.

ముక్క మీద నట్టు వెల్డ్ చేసి తిప్పడం నా లెక్కలో అన్నిటికన్నా మంచి పద్ధతి. పట్టు దొరకడం ఒక్కటే కాదు, వెల్డింగ్ వేడి నేరుగా బోల్టులోకి దిగి తుప్పు పట్టును పగలగొడుతుంది. ముక్క అంచుకు సమంగా తెగి ఉంటే ముందు వాషర్ పెట్టి వెల్డ్ చేసి, దాని మీద నట్టు. జింక్ పూత లేని నట్టే వాడండి, ఆ పూత కాలిన పొగ జ్వరం తెప్పిస్తుంది. వెల్డింగ్‌కు ముందు బ్యాటరీ వైర్లు విప్పి, మాన్యువల్ చెప్పిన చోట ఈసీయూ (ఇంజిన్‌ను అదుపు చేసే ఎలక్ట్రానిక్ పెట్టె) కనెక్టర్లు ఊడదీయండి. ఎర్త్ క్లాంప్ ఛాసిస్ మీద ఎక్కడో కాకుండా హెడ్‌కే, వెల్డ్ పడే చోటికి దగ్గరగా తగిలించాలి. లేకపోతే కరెంటు బేరింగుల గుండా దారి వెతుక్కుంటుంది. వెల్డ్ అయ్యాక నట్టు ఎరుపు పోయేదాకా ఆగి, వెచ్చగా ఉండగానే మెల్లగా తిప్పండి. నట్టు ఊడొచ్చిందా, ఇంకోటి వేయండి. మూడో నట్టుకో నాలుగో నట్టుకో వచ్చే బోల్టులు బోలెడు.

ఇది కుదరనప్పుడే డ్రిల్. ముక్క పైభాగాన్ని చదును చేసి, సరిగ్గా నడిమిలో సెంటర్ పంచ్ దెబ్బ వేయండి. ఈ ఒక్క దెబ్బకు ఎంత సమయం తీసుకున్నా తప్పులేదు. 1.5 మిల్లీమీటర్ల పిచ్ (ఒక మరకూ పక్క మరకూ మధ్య దూరం) ఉన్న 10 మిల్లీమీటర్ల బోల్టు సంగతే చూడండి. ట్యాప్ వేయడానికి ముందు వాడే బిట్ 8.5 మిల్లీమీటర్లు, అంటే ఒక్కో వైపు మిగిలేది 0.75 మాత్రమే. కేంద్రం 1 మిల్లీమీటరు పక్కకు జరిగిందంటే బిట్ ఒక వైపు హెడ్ మరల్ని పూర్తిగా తినేస్తుంది. కుదిరితే మానిఫోల్డ్‌నే తిరిగి బిగించి, దాని రంధ్రంలో సరిపోయే బుష్ (చిన్న గొట్టం ముక్క) పెట్టి ఆ దారిలో డ్రిల్ చేయండి. సన్నని బిట్‌తో మొదలెట్టి, తక్కువ వేగంతో, కటింగ్ ఆయిల్ వేస్తూ అంచెలంచెలుగా పెంచండి. ఎడమ వైపుకు కోసే బిట్లు దొరికితే అవే మేలు. రంధ్రం పడుతుండగానే ముక్క తిరిగి బయటికొచ్చే అవకాశం ఉంది.

ఇక ఎక్స్‌ట్రాక్టర్, అంటే ముక్కలో వేసిన రంధ్రంలోకి దించి దాన్ని వెనక్కి తిప్పే పనిముట్టు. అందరూ మొదట పట్టుకునేది అదే, నేనైతే ఆఖర్న పెడతాను. పూర్తి మందం ఉన్న బోల్టే తిరగలేక తెగిపోయింది. దానికన్నా సన్నని ఎక్స్‌ట్రాక్టర్ దాన్ని ఎలా తిప్పుతుంది? పైగా కోసుగా ఉండే రకం లోపలికి దిగేకొద్దీ ముక్కను వెడల్పు చేసి ఇంకా బిగిస్తుంది. అదే లోపల విరిగితే మామూలు డ్రిల్ బిట్ దాని మీద జారిపోతుంది తప్ప కోయదు. కార్బైడ్ బిట్‌తో అరగదీయాలి, లేదా హెడ్ దించి స్పార్క్ ఎరోజన్ మెషిన్ (కరెంటు మెరుపులతో లోహాన్ని తినేసేది) ఉన్న చోటికి పంపాలి. వేడి, ఆయిల్ పనిచేసి ముక్క కాస్త వదులైందని తెలిశాకే దాన్ని వాడండి. వంగుతున్నట్టు చేతికి తెలిస్తే అక్కడే ఆపేయండి.

ముక్క వచ్చాక ట్యాప్‌తో మరలు శుభ్రం చేయండి, పాడైతే హెలికాయిల్ (కొత్త మరలిచ్చే తీగ చుట్ట) వేయించండి. అడుగు మూసి ఉన్న రంధ్రంలో నూనె, నీళ్లు మిగలకూడదు. బోల్టు బిగించేటప్పుడు ఆ తడికి పోయే దారి లేక పోత పగిలే ప్రమాదం ఉంది. వాటర్ జాకెట్‌లోకి తెరుచుకునే రంధ్రమైతే బోల్టు మరలకు సీలెంట్ రాయాలి. మానిఫోల్డ్ ముఖం మీద స్ట్రెయిట్ ఎడ్జ్ ఆనించి వంపు చూడండి. వంగిన మానిఫోల్డ్‌ను అలాగే లాగి బిగిస్తే కొత్త బోల్టూ తెగుతుంది. ఒక్కటి తెగినా సెట్టంతా మార్చడమే నయం, మిగతావీ అదే వేడి తిన్నాయి కదా. యాంటీ సీజ్ (మరలు పట్టేయకుండా పూసే పేస్టు) పూస్తే మరల్లో రాపిడి తగ్గుతుంది, పొడి మరలకు చెప్పిన టార్క్ (తిప్పి బిగించే బలం) అలాగే పెడితే బోల్టు ఎక్కువ సాగుతుంది. పూత వేసిన మరలకు మాన్యువల్ ఏ టార్క్ చెప్పిందో చూసి, నడిమి నుంచి చివర్లకు బిగించుకుంటూ రండి. ఇంజిన్ వేడెక్కి చల్లారాక తిరిగి బిగించమని మాన్యువల్ చెబితే అదీ చేయండి. మొదటి ట్రిప్పు తర్వాత గాస్కెట్ అంచున మసి చార కనిపిస్తే అక్కడ గాలి లీకవుతోందన్నమాట.