కొరోనర్ కాగితాలు చదవడం – మూడో పాఠం: తీర్పును ఆఖరున చదవాలి

కిందటి రెండు పాఠాల్లో 19వ శతాబ్దపు ఇంగ్లండ్ పల్లెల్లో కొరోనర్ (అనుమానపు చావుల మీద విచారణ జరిపే అధికారి) అంటే ఎవరో, అతని కాగితాలు ఇప్పుడు ఏయే ఆర్కైవ్స్‌లో ఉంటాయో చూశాం. ఈసారి ఒక కేసు ముందేసుకుని వరసగా చదువుదాం. చదివేటప్పుడు ఒక్క నియమం పాటించండి: తీర్పు జోలికి ఆఖరునే వెళ్లాలి.

కొత్తగా చదివేవాళ్లు సాధారణంగా దీనికి తలకిందులుగా చేస్తారు. కాగితం తిరగేసి, అడుగున 'ప్రమాదవశాత్తు మరణం' అని కనిపించగానే నోట్‌బుక్‌లో రాసుకుని తర్వాతి కేసుకు వెళ్లిపోతారు. అప్పటి జ్యూరీలు పట్టుమని పది మాటల్లోంచి ఒకటి ఏరుకుని తీర్పుగా చెప్పేవి. దానిమీద ఆధారపడితే వంద చావులు వందా ఒకేలా కనిపిస్తాయి. మనుషులు దొరికేది వాంగ్మూలాల్లో. జన్మలో ఉత్తరం ముక్క రాయని పాలేరు, పనిపిల్ల, బండి తోలేవాడు, వీళ్ల నోటి మాట కాగితం మీదికి ఎక్కింది చాలామంది విషయంలో ఈ ఒక్కచోటే.

మధ్యలో చేరినవాళ్ల కోసం నాలుగు ముక్కలు. కొరోనర్ పదవి 1194 నాటిది. 1888 దాకా కౌంటీ (జిల్లా లాంటిది) కొరోనర్లను అక్కడ సొంత భూమి ఉన్నవాళ్లే ఎన్నుకునేవారు. ఎక్కువమంది లాయర్లు. హఠాత్తుగా గానీ, దెబ్బల వల్ల గానీ, అనుమానాస్పదంగా గానీ ఎవరైనా చనిపోతే కానిస్టేబుల్ కబురు పంపేవాడు. కనీసం 12 మంది, మించితే 23 మంది ఊరివాళ్లను జ్యూరీగా పిలిచేవారు. వాళ్లు దేహాన్ని కళ్లారా చూసి తీరాలి. ఈ నిబంధన 1926 దాకా ఉంది. కూర్చోడానికి పెద్ద గది, దేహాన్ని ఉంచడానికి పక్కన కొట్టం ఉండేవి కాబట్టి విచారణ చాలాసార్లు ఊరి పబ్బులోనే జరిగేది. వేరే చోటు ఉంటే పబ్బులో జరపకూడదని చట్టం వచ్చింది 1902లో.

మన శవ పంచనామా తెలిసినవాళ్లకు ఇదంతా పరిచయమున్నట్టే ఉంటుంది. 1898 నాటి క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ 174వ సెక్షన్ కింద పోలీసు అధికారి ఇద్దరు ముగ్గురు పెద్దమనుషుల ఎదుట దేహాన్ని చూసి, చావుకు కారణం ఏమై ఉంటుందో రాయాల్సి ఉండేది. మద్రాసు, బొంబాయి ప్రెసిడెన్సీల్లో ఊరి పెద్ద కూడా ఆ పని చేసి మేజిస్ట్రేటుకు నివేదించవచ్చని అందులోనే ఉండేది. అంటే మన కోస్తా, రాయలసీమ పల్లెల్లో గ్రామ మునసబు. పోలిక అక్కడితో సరి. పంచనామాలో పెద్దలు సంతకం చేస్తారు, తీర్పు చెప్పరు. ఇంగ్లండ్ పల్లెలో చావు ఎలా జరిగిందో తేల్చింది ఆ జ్యూరీయే. ఫలానావాడు చంపాడని వాళ్లు తేలిస్తే, ఆ కాగితం ఆధారంగానే అతణ్ని హత్యానేరం కింద విచారించే వీలు కూడా ఉండేది.

ఇక మన కేసు. ఇది ఎక్కడా జరిగింది కాదు. సాధన కోసం అప్పటి కాగితాల తీరులో నేను కట్టిన నమూనా. అందుకే పేర్లు పెట్టలేదు.

*"మన ప్రభువు విక్టోరియా రాణిగారి పాలన 14వ ఏట, మార్చి 12వ తేదీ బుధవారం, ఈ పారిష్‌లోని (ఒక చర్చి పరిధిలోని ఊరు) పబ్బులో, అక్కడ చనిపోయి ఉన్న 17 ఏళ్ల పనిపిల్ల దేహాన్ని చూసి, ఈ కౌంటీకి చెందిన 13 మంది యోగ్యుల ప్రమాణం మీద జరిపిన విచారణ.*

*మిల్లు కూలీ: మంగళవారం ఉదయం ఆరింటికి తూము ఎత్తడానికి వెళ్లాను. గట్టు మీద బోనెట్ (ఆడవాళ్ల టోపీ), శాలువా కనిపించాయి. శాలువా మడత పెట్టి ఉంది. నీళ్లలో కర్రతో వెతికితే దేహం తగిలింది.*

*రైతు భార్య: పిల్ల మైకేల్మస్ (సెప్టెంబర్ 29 పండగ) నుంచి మా దగ్గర పనిచేస్తోంది. హుషారుగానే ఉండేది. సోమవారం రాత్రి తొమ్మిదింటికి పడుకోవడానికి వెళ్లింది. నేను ఆమెను ఏమీ అనలేదు.*

*తోటి పనిపిల్ల: మేమిద్దరం ఒకే మంచం మీద పడుకుంటాం. ఆ రాత్రి ఏడ్చింది. ఎందుకో చెప్పలేదు. తన పెట్టె వాళ్లమ్మకు అందేలా చూడమంది. నేను లేచేసరికి లేదు.*

*సర్జన్: ఒంటి మీద దెబ్బల గుర్తులు లేవు. నీట మునిగి చనిపోయిందని నా అభిప్రాయం."*

ముందు తేదీ తేల్చుకోండి. ఈ కాగితాల మీద క్రీస్తు శకం ఒక్కోసారి ఉండదు, రాణిగారి పాలన సంవత్సరమే ఉంటుంది. విక్టోరియా గద్దెనెక్కింది 1837 జూన్ 20న. కాబట్టి ఆమె మొదటి ఏడు 1837 జూన్ 20 నుంచి 1838 జూన్ 19 దాకా. 14వ ఏడు 1850 జూన్ 20న మొదలవుతుంది. ఇక్కడే చాలామంది 1850 అని రాసేస్తారు. మార్చి నెల ఆ ఏడాది రెండో సగంలో పడుతుంది గనక మన తేదీ 1851 మార్చి 12. వారంతో సరిచూసుకోండి: ఆ రోజు బుధవారమే. 1850లో అయితే మార్చి 12 మంగళవారం. వారం పేరు కాగితంలో ఎక్కడ కనిపించినా, సాక్షి నోటి నుంచి వచ్చినా సరే, వదలకుండా రాసుకోండి.

1851 మార్చి అని తేలితే చేతికి ఇంకో తాళంచెవి దొరికినట్టే. ఆ ఏడాది ఇంగ్లండ్ జనాభా లెక్క తీసింది మార్చి 30 రాత్రి. అంటే మన విచారణకు 18 రోజుల తర్వాత. ఆ లెక్కలో రైతుల్ని ఎన్ని ఎకరాలు సాగు చేస్తున్నారో, ఎంతమంది కూలీల్ని పెట్టుకున్నారో కూడా అడిగారు. 13 మంది జ్యూరీ పేర్లు తీసుకుని ఒక్కొక్కరినీ అందులో వెతకండి. కొరోనర్ జ్యూరీకి ఆస్తి అర్హత అంటూ లేదు, కాబట్టి రైతులతో పాటు కమ్మరి, చెప్పులు కుట్టేవాడు, కొట్టు నడిపేవాడు కూడా ఉంటారు. అడుగున సంతకాల్లో ఎవరు ఇంటూ గుర్తు పెట్టారో చూడండి. అసలు చూడాల్సింది ఏమిటంటే, ఆ పిల్ల పనిచేసిన రైతుకు వీళ్లలో ఎందరు ఇరుగుపొరుగు, ఎందరు అతని గుర్రాలకు లాడాలు కొట్టి, అతని ఇంటికి సరుకు అమ్మి బతికేవాళ్లు. ఈ పనికి ఓ రోజు పట్టినా ఫరవాలేదు. ఆ గదిలో గాలి ఎటు వీచిందో దీన్నిబట్టే తెలుస్తుంది.

ఇప్పుడు వాంగ్మూలాలు. వీటిని చదివే కిటుకు ఒకటి బాగా పట్టుకోవాలి. కాగితం మీద ఉన్నవన్నీ జవాబులే. అడిగిన ప్రశ్నల్ని కొరోనర్ రాయడు. మనం జవాబు పట్టుకుని వెనక్కి వెళ్లి ప్రశ్నను రాబట్టుకోవాలి. రైతు భార్య మాట చూడండి: 'నేను ఆమెను ఏమీ అనలేదు.' అడక్కుండా ఈ మాట ఎవరూ అనరు. 'మీరేమైనా మందలించారా, దెబ్బలాడారా?' అని ఎవరో అడిగారు. కొరోనర్ కావచ్చు, జ్యూరీలో ఒకరు కావచ్చు. ఆ ప్రశ్న పుట్టిందంటే ఊళ్లో ఏదో మాట అప్పటికే నడుస్తోంది. వాంగ్మూలంలో 'లేదు, కాదు, ఎరగను' ఉన్నచోటల్లా గీత గీసి, పక్కన ప్రశ్న రాయండి. ఈ కాగితాల్లో సగం సంగతులు ఆ మార్జిన్‌లోనే బయటపడతాయి.

రెండోది వస్తువులు. శాలువా మడత పెట్టి ఉందని మిల్లు కూలీ చెప్పాడు. అతనికి అది చెప్పాల్సిన అవసరం లేదు, అయినా చెప్పాడు, కొరోనర్ రాసుకున్నాడు. ఒంటి మీదిది తప్ప ఇంకో జత ఉంటే గొప్ప అనుకునే మనుషుల మధ్య బట్టల్ని అందరూ గుర్తుపడతారు. 1828లో సఫోక్ కౌంటీ పోల్‌స్టెడ్‌లో, రెడ్ బార్న్ అనే కొట్టంలో పూడ్చిపెట్టిన మరియా మార్టెన్ దేహం బయటపడినప్పుడు ఊళ్లోని కాక్ ఇన్‌లో విచారణ జరిగింది. దాదాపు ఏడాది మట్టిలో ఉన్న దేహం. ఇంటివాళ్లు గుర్తుపట్టింది జుట్టును, బట్టల్ని, లేని ఒక పన్నును. మెడకున్న ఆకుపచ్చ రుమాలు ఆమె ప్రియుడు విలియం కార్డర్‌ది అన్న మాటే కేసును అతని వైపు తిప్పింది. మన నమూనాలో పెట్టె కూడా అలాంటిదే. పనిపిల్లకు ఆ ఇంట్లో సొంతమంటూ ఉండేది ఆ ఒక్క పెట్టే.

సాక్షులు మాట్లాడినట్టే కాగితం మీద ఉంటుందనుకోకండి. కొరోనర్ తన భాషలోకి మార్చి రాస్తాడు, చదివి వినిపిస్తాడు, సాక్షి కింద గుర్తు పెడతాడు. యాస పోతుంది, తడబాటు పోతుంది. ఎక్కడైనా పల్లె మాట ఒకటి చెక్కుచెదరకుండా మిగిలితే దాన్ని ప్రాణంగా చూసుకోండి.

మూడోది, రానివాళ్లు. పిల్ల తల్లిని పిలవలేదు. రైతును పిలవలేదు. సర్జన్ పైపైన చూశాడే గానీ కోసి చూడలేదు. 1836 చట్టం ప్రకారం సాక్ష్యం చెప్పిన డాక్టరుకు ఒక గినీ (21 షిల్లింగులు), పోస్టుమార్టం కూడా చేస్తే రెండు గినీలు. ఆ రెండో గినీకి కౌంటీ మేజిస్ట్రేట్లకు జవాబు చెప్పుకోవాల్సింది కొరోనర్. గర్భవతా అన్న ప్రశ్న ఎవరైనా అడిగారో లేదో కాగితం చెప్పదు.

ఇప్పుడు తీర్పు చదవండి:

*"నీట మునిగి కనిపించింది. నీళ్లలోకి ఎలా చేరిందో తెలిపే సాక్ష్యం జ్యూరీ ముందుకు రాలేదు."*

మొదటే ఇది చదివి ఉంటే ఏమీ తెలియలేదనే అనుకునేవాళ్లం. వాంగ్మూలాలు చదివాక ఇది చదివితే, పదముగ్గురూ మడత పెట్టిన శాలువా గురించి విని, పెట్టె గురించి విని, అయినా ఇలా పలికారని తెలుస్తుంది. వాళ్ల ముందున్న దారులు చూడండి. తెలిసి ప్రాణం తీసుకుందని తేలిస్తే దానికి 'ఫెలో డి సే' అని పేరు, అది నేరం. 1823కు ముందు అలాంటి దేహాన్ని నాలుగు దారుల కూడలిలో, గుండెల్లో మేకు దించి పూడ్చేవారు. ఆ ఏడాది చట్టం దాన్ని ఆపింది గానీ, రాత్రి తొమ్మిదికీ పన్నెండుకూ మధ్య, ప్రార్థనలు లేకుండా పూడ్చాలంది. ఈ రాత్రి ఖననం 1882 దాకా, ఆస్తి జప్తు 1870 దాకా చట్టంలో ఉన్నాయి. మతి చలించి చేసుకుందంటే ఇవేవీ వర్తించవు. కానీ అప్పుడు ఎందుకు చలించింది అన్న ప్రశ్న రైతు గుమ్మం దాకా వస్తుంది. 'నీట మునిగి కనిపించింది' అంటే పిల్ల పగటిపూట ప్రార్థనలతో చర్చి ఆవరణలోకి వెళుతుంది, రైతు ఇంటి మీదా మాట పడదు.

దయతో అలా అన్నారా, భయంతోనా? రెండూ కలిసీ ఉండొచ్చు. చదివేవాడు ఇక్కడ కొత్త తీర్పు చెప్పకూడదు. ఇది నా గట్టి అభిప్రాయం. 170 ఏళ్ల తర్వాత మనం కుర్చీలో కూర్చుని ఆ పిల్ల ఆత్మహత్య చేసుకుందని రాసేస్తే, దేహాన్ని చూసినవాళ్లు చెప్పలేకపోయిన మాటను మనం ఆమె పేరు మీద రుద్దినట్టు. ఎవరు ఏమన్నారో, మాటలు ఎక్కడ కలవలేదో, ఎవరు రాలేదో రాయండి. అక్కడ ఆగండి.

తర్వాత మూడు చోట్ల సరిచూసుకోవాలి. 1837 జూలై 1 నుంచి మొదలైన మరణ రిజిస్టర్లో సమాచారం ఇచ్చినవారి గడిలో కొరోనర్ పేరు కనిపిస్తుంది. చర్చి ఖనన రిజిస్టరుకు 1813 నుంచి అచ్చు ఫారం ఉంది, అందులో చావు కారణానికి గడి లేదు. అయినా ఫాదరీ మార్జిన్‌లో ఒక మాట రాసి ఉండొచ్చు. ఇక కౌంటీ వారపత్రిక. పత్రికల మీద స్టాంపు పన్ను 1855లో పోయాక స్థానిక పత్రికలు బాగా పెరిగాయి, కాబట్టి ఆ తర్వాతి కేసులకు కొన్నిసార్లు కొరోనర్ కాగితం కంటే పత్రిక కాలమ్‌లోనే వాంగ్మూలం నిండుగా దొరుకుతుంది.

విచారణ కాగితమే లేకపోతే? సహజంగా పోయారని అనుకోవద్దు. 1752 చట్టం ప్రకారం కొరోనర్‌కు ఒక్కో విచారణకు 20 షిల్లింగులు, ప్రయాణానికి మైలుకు 9 పెన్నీలు. 1837లో ఇంకో 6 షిల్లింగుల 8 పెన్నీలు కలిపారు. ఇది అనవసరపు విచారణ అని మేజిస్ట్రేట్లు బిల్లు కొట్టేస్తే ఆ సొమ్ము అతని చేతి నుంచి పోయినట్టే. 1860లో జీతం ఏర్పడేదాకా ఈ పేచీ నడిచింది. దూరపు పల్లెలో ముసలి కూలీ పొలంలో కుప్పకూలితే విచారణ జరగాలా వద్దా అన్నది ఒక్కోసారి ఆ బిల్లే తేల్చింది. దీని గురించి వచ్చే పాఠంలో బిల్లుల్నే ముందేసుకుని చూద్దాం.

అప్పటికి ఈ రెండో నమూనా చేసి ఉంచండి. ఇదీ నేను కట్టిందే.

*"విక్టోరియా రాణిగారి పాలన 2వ ఏట, సెప్టెంబర్ 5. మృతుడు 11 ఏళ్ల కుర్రాడు. బండి తోలేవాడి వాంగ్మూలం: కుర్రాడు నొగ మీద కూర్చున్నాడు. దిగువకు వచ్చేటప్పుడు జారి పడ్డాడు. ఎడమ చక్రం మీంచి పోయింది. నేను తాగి లేను. తీర్పు: ప్రమాదవశాత్తు మరణం. చక్రం మీద డియోడాండ్ 1 షిల్లింగు."*

డియోడాండ్ అంటే చావుకు కారణమైన వస్తువుకు జ్యూరీ కట్టే వెల, రాజుకు జప్తు కింద చెల్లాలి. బండ్ల కేసుల్లో షిల్లింగో రెండో కట్టి ఊరుకునేవారు. 1841 డిసెంబర్ 24న సన్నింగ్ దగ్గర గ్రేట్ వెస్టర్న్ రైలు మట్టిపెళ్లల్లోకి దూసుకెళ్లి, పండక్కి ఇళ్లకు బయల్దేరిన కూలీలు చనిపోయినప్పుడు అక్కడి జ్యూరీ ఇంజిన్ మీదా వ్యాగన్ల మీదా 1,000 పౌండ్లు కట్టింది. 1846లో పార్లమెంటు ఈ ఆచారాన్నే ఎత్తేసింది.

ఏ సంవత్సరమో తేల్చండి. 'నేను తాగి లేను' అన్న జవాబుకు ప్రశ్న రాయండి. బండి మొత్తం మీద కాకుండా, గుర్రం మీద కాకుండా, ఒక్క చక్రం మీదే వెల కట్టడం వల్ల ఎవరికి మేలు జరిగిందో ఆలోచించండి. ఈ కాగితంలో ఎవరి వాంగ్మూలం ఉండాల్సింది, లేదు?