చెస్ టోర్నమెంట్ గేమ్ అయ్యాక మన ఓపెనింగ్‌ని, అంటే గేమ్ మొదట్లో ఆడే మూవ్స్‌ని, ఎలా చెక్ చేసుకోవాలి?

గేమ్ అయిపోగానే చాలామంది మూవ్స్ అన్నీ ఫోన్‌లో ఎక్కించేసి ఇంజిన్ (మూవ్స్ లెక్కగట్టే చెస్ ప్రోగ్రామ్) ఆన్ చేస్తారు, దయచేసి అది చివరికి ఉంచండి.

ముందు మూవ్స్ రాసుకున్న స్కోర్ షీట్ తీయండి. రాసేటప్పుడే మూవ్ పక్కన క్లాక్ టైమ్ కూడా వేసుకునే అలవాటు ఉంటే ఇంకా మంచిది, ఎందుకంటే మొదటిసారి ఎక్కడ ఎక్కువసేపు ఆలోచించారో దాదాపు అక్కడే మీకు తెలిసిన ఓపెనింగ్ అయిపోయినట్టు. అక్కడ టిక్ పెట్టండి. ఎదుటి ప్లేయర్ సరే అంటే హాల్ బయట కూర్చుని ఇద్దరూ ఒకసారి గేమ్ చూసుకోండి.

తర్వాత ఆ టిక్ దగ్గర బోర్డు పెట్టి, అవతలివాళ్ల మూవ్ దేనికోసం అని అడగండి. టూ నైట్స్ డిఫెన్స్ చూద్దాం, అమెచ్యూర్ గేమ్స్‌లో బాగా వస్తుంది: 1.ఈ4 ఈ5 2.గుర్రం ఎఫ్3, గుర్రం సి6 3.బిషప్ సి4, గుర్రం ఎఫ్6 4.గుర్రం జి5. ఇప్పుడు తెల్ల గుర్రం, బిషప్ రెండూ ఎఫ్7 మీదే గురిపెట్టి ఉన్నాయి. నల్ల 4...డి5 అంటే తెల్ల 5వ మూవ్‌లో ఈ4 బంటుతో డి5 కొడుతుంది. ఇక్కడ గుర్రంతో తిరిగి కొట్టేయాలనిపిస్తుంది, చాలా సహజంగా కనిపిస్తుంది కూడా, కానీ కొడితే తెల్లవాళ్లు 6.గుర్రం ఎఫ్7 అని గుర్రాన్ని బలి ఇచ్చేస్తారు, రాజు తీసుకోగానే క్వీన్ ఎఫ్3 చెక్, డి5 గుర్రాన్ని కాపాడాలంటే రాజు ఈ6కి నడవాల్సిందే, బోర్డు మధ్యలోకి! క్లాక్ నడుస్తుంటే దాన్ని డిఫెండ్ చేయడం చాలా కష్టం. అందుకే 5...గుర్రం ఎ5 నేర్చుకోండి. బిషప్ బి5 చెక్‌కి సి6, బంట్లు కొట్టుకున్నాక మీకు ఒక బంటు తక్కువే, కానీ తెల్ల బిషప్ వెనక్కి వెళ్లాలి, తర్వాత హెచ్6తో గుర్రాన్నీ తరమొచ్చు, ఆ టైమ్‌లో మీ పీసెస్ బయటికొస్తాయి. ఈ కారణం తెలియకుండా మూవ్ బట్టీపడితే ఆ బంటు పోయిందన్న కంగారే మిగులుతుంది.

ఇప్పుడు లిచెస్ అనే చెస్ వెబ్‌సైట్‌లోని ఓపెనింగ్ ఎక్స్‌ప్లోరర్‌లో మీ రేటింగ్ వాళ్లు ఆ పొజిషన్‌లో ఏం ఆడుతున్నారో చూడండి, మాస్టర్స్ గేమ్స్ కంటే మీకు ఎదురయ్యేవి అవే. ఆ తర్వాతే స్టాక్‌ఫిష్ ఇంజిన్.

ఒక గేమ్‌కి ఒక్క లైన్ చాలు. కారణంతో సహా మీ మాటల్లో నోట్‌బుక్‌లో రాసి, ఆ పొజిషన్ నుంచే ఫ్రెండ్‌తో రెండు ప్రాక్టీస్ గేమ్స్ ఆడండి, ఒకటి నల్లతో, ఇంకోటి తెల్లతో.