గజకర్ణ అంటే గజ్జి కాదు: చర్మం సంగతులు చూసి చెప్పడం ఎలా

మహారాష్ట్రలో గడ్చిరోలి జిల్లా సిరొంచా తాలూకాలో 26 ఏళ్ళు నర్సుగా చేశాను. మా దగ్గర ఇంట్లో తెలుగు, బడిలో మరాఠీ, అడవి ఊళ్ళకు పోతే మాడియా అనే ఆదివాసీ భాష. దవాఖానాకు వచ్చే డాక్టర్లు ఎక్కువగా మరాఠీవాళ్ళు. వాళ్ళు మరాఠీలో చెప్పింది మనవాళ్ళు తెలుగులో పట్టుకుంటారు. జ్వరం, దగ్గు దగ్గర ఇబ్బంది రాదు. చర్మం దగ్గరే వస్తుంది.

ఉద్యోగంలో చేరిన రెండో ఏడు వానాకాలంలో అంకీసా వైపు నుంచి ఒక అవ్వ వచ్చింది. "డాక్టరు గజకర్ణ అన్నడు బిడ్డా, గజ్జి మందు ఇయ్యి" అంది. చీటీ వానకు తడిసి అక్షరాలు కలిసిపోయాయి. నేను ఆమె ఒంటిమీద ఏముందో చూడలేదు. మాట విని గజ్జి మందు సీసా చేతిలో పెట్టాను. నెల తర్వాత మళ్ళీ వచ్చింది. నడుము దగ్గర అరచేయంత ఉన్న మచ్చ వీపు సగం దాకా పాకింది. మరాఠీలో గజకర్ణ అంటే మన తామర. మన గజ్జిని వాళ్ళు ఖరూజ్ అంటారు. తామర బూజు (ఫంగస్) వల్ల వస్తుంది, గజ్జి పురుగు వల్ల వస్తుంది. పురుగును చంపే మందుకు బూజు చావదు. తప్పు పూర్తిగా నాది. ఆ అవ్వ నన్ను ఒక్క మాట అనలేదు, అందుకే ఇంకా బాధ.

తెలుగులోనే ఇంకో చిక్కు ఉంది. తొడల సందును గజ్జ అంటాం కదా, అక్కడ వచ్చిందంటే చాలామంది గజ్జి అనుకుంటారు. పెద్దవాళ్ళకు గజ్జల్లో గుండ్రంగా పాకుతూ వచ్చేది చాలాసార్లు తామరే. ఎగ్జిమా అని దురదపెట్టే, అంటని ఇంకో చర్మ జబ్బుంది, దాన్ని కూడా కొందరు తామర అనే అంటారు. అందుకని రోగం పేరు కంటే ముందు చూసింది చూసినట్టు చెప్పడం నేర్చుకోవాలి. అది ఎవరైనా నేర్చుకోవచ్చు.

ముందు చర్మం ఎలా ఉంటుందో

చర్మానికి మూడు పొరలు. పైది బాహ్యచర్మం, డాక్టర్లు ఎపిడెర్మిస్ అంటారు. దాని కింద అంతశ్చర్మం, అంటే డెర్మిస్. అడుగున కొవ్వు పొర.

పై పొరలో రక్తనాళాలు లేవు. ముల్లు గీరుకుని తెల్లగీత మాత్రమే పడితే పై పొర దాటలేదు. రక్తం చిమ్మితే రెండో పొరకు చేరింది. పై పొర అడుగున కొత్త కణాలు పుడుతూ పైకి జరుగుతూ చచ్చి పొట్టుగా రాలిపోతాయి, ఇందుకు సుమారు 4 వారాలు పడుతుంది. చర్మానికి రాసే మందు మూడు రోజుల్లో పనిచేయలేదని మానేయొద్దని నేను గట్టిగా చెప్పేది అందుకే. చర్మానికి రంగునిచ్చే కణాలు కూడా ఆ అడుగు వరసలోనే ఉంటాయి.

రెండో పొరలో రక్తనాళాలు, నరాలు, చెమట గ్రంథులు, నూనె గ్రంథులు, వెంట్రుక కుదుళ్ళు ఉంటాయి. చెప్పు కరిచి లేచిన బొబ్బ మచ్చ లేకుండా మానుతుంది, ఎందుకంటే పై పొరే లేచింది. నూనె చింది లోతుగా కాలితే మచ్చ మిగిలిపోతుంది, రెండో పొర దెబ్బతింది కాబట్టి. అరచేతుల్లో, అరికాళ్ళలో నూనె గ్రంథులు లేవు. ఎండాకాలం మడమలు పగలడానికి అదొక కారణం. రాత్రి కాళ్ళు నానబెట్టి, తుడిచి, తడి ఆరకముందే వాసలిన్ రాసి మేజోళ్ళు వేసుకుంటే పది రోజుల్లో తేడా కనిపిస్తుంది.

డాక్టరు దగ్గర వాడాల్సిన మాటలు

చేత్తో తడిమితే తగలకుండా రంగు మాత్రమే మారితే అది మచ్చ. తగిలితే పొక్కు. అందులో నీరుంటే నీటిపొక్కు, చీముంటే చీముపొక్కు. పెద్ద నీటిపొక్కు బొబ్బ. లోపల గట్టిగా లోతుగా తగిలితే గడ్డ. ఒక్కసారిగా ఉబ్బి, దురదపెట్టి, ఒక రోజులోపే ఆ చోట మాయమయ్యేది దద్దురు. పైన రాలేది పొలుసు, ఎండిన రసి పెచ్చు, చర్మం తెగి లోపలికి పోతే పుండు. ఎక్కడ మొదలైంది, ఎన్నాళ్ళైంది, దురదా మంటా తిమ్మిరా, ఇంట్లో ఇంకెవరికైనా ఉందా, ఇప్పటిదాకా ఏం రాశారు. ఇవి చెప్పగలిగితే మీ మరాఠీ ఎంత వచ్చీరానిదైనా ఫరవాలేదు. వాడిన ట్యూబు ఖాళీదైనా సరే, తీసుకెళ్ళి చూపించండి.

గజ్జి

మిరప ఏరడానికి మావాళ్ళు గోదావరి దాటి తెలంగాణకు పోతారు. గుడిసెల్లో ఒకే దుప్పటి కింద నలుగురు పడుకుంటారు. వేసవి మొదట్లో తిరిగొచ్చేసరికి చేతులు గోక్కుంటూ వస్తారు.

ఒక రాత్రి పక్కింటి పిల్లను ఒళ్ళో కూర్చోబెట్టుకుని టార్చి వేసి చూశాను. చూపుడు వేలికీ మధ్య వేలికీ సందున వెంట్రుక కంటే కొంచెం లావుగా, బూడిద రంగులో వంకర గీత ఉంది. అదే పురుగు పై పొరలో తవ్విన సొరంగం. పురుగు అర మిల్లీమీటరు కూడా ఉండదు. ఆడపురుగు ఆ సొరంగంలోనే గుడ్లు పెడుతుంది. వేళ్ళ సందులు, మణికట్టు, చంకలు, మొలతాడు కట్టే చోటు, బొడ్డు చుట్టూ, మగవాళ్ళకు మర్మాంగం మీద వెతకండి. చంటిపిల్లలకు అరచేతులు, అరికాళ్ళు, తలమీద కూడా ఉంటుంది. రాత్రిపూట దురద ఎక్కువవుతుంది, ఇంట్లో ఒకరికి మించి ఉంటుంది.

మొదటిసారి పట్టిన మనిషికి దురద మొదలవడానికి 4 నుంచి 6 వారాలు పట్టొచ్చు. అందుకే "నాకేం లేదు, నేను రాసుకోను" అన్నవాళ్ళ నుంచే ఇల్లంతా మళ్ళీ అంటుకుంటుంది. అందరూ ఒకే రాత్రి రాసుకోవాలి. మామూలుగా ఇచ్చేది 5 శాతం పెర్మెత్రిన్ క్రీము. స్నానం చేసి ఒళ్ళు ఆరాక మెడ నుంచి కాలి గోళ్ళ దాకా, దురద లేని చోట కూడా, గోళ్ళ కింద కూడా రాయాలి. 8 నుంచి 12 గంటలు ఉంచి కడగాలి. మధ్యలో చేతులు కడిగితే చేతులకు మళ్ళీ రాయాలి. వారం తర్వాత ఇంకోసారి. పెద్దమనిషికి 30 గ్రాముల ట్యూబు ఒకటి పడుతుంది, ఒక్క ట్యూబు నలుగురూ పంచుకుంటే ఎవరికీ తగ్గదు. చంటిబిడ్డలకు, గర్భిణులకు డాక్టరును అడిగే రాయండి. మర్నాడు పొద్దున బట్టలు, దుప్పట్లు వేడినీళ్ళలో ఉతికి ఎండలో వేయండి. ఉతకలేని బొంతను సంచిలో మూటకట్టి వారం పక్కన పెట్టండి, ఒంటి మీద నుంచి దిగిన పురుగు రెండు మూడు రోజులకు మించి బతకదు.

పురుగు చచ్చాక కూడా రెండు నుంచి నాలుగు వారాలు దురద ఉండొచ్చు. మందు పనిచేయలేదని రోజూ రాస్తే చర్మం మండిపోతుంది.

తామర

అంచు ఉబ్బి, ఎర్రగా, పొలుసుతో ఉంటుంది. మధ్యలో మానినట్టు కనిపిస్తుంది. రోజురోజుకీ చుట్టు పెద్దదవుతుంది. చెమట నిలిచే గజ్జలు, పిరుదులు, నడుము పట్టీ చోటు దీనికి ఇష్టం.

నాకు ఎక్కువ కోపం తెప్పించేది ఇక్కడే. దుకాణంలో "దురద మందు" అనగానే ఒక ట్యూబు ఇస్తారు. అందులో బూజు మందు, బాక్టీరియా మందు, స్టెరాయిడ్ మూడూ కలిపి ఉంటాయి. స్టెరాయిడ్ వల్ల రెండు రోజుల్లో ఎరుపు, దురద పోతాయి. కానీ చర్మం తనను తాను కాపాడుకునే శక్తిని అది అణచేస్తుంది, బూజు లోపల హాయిగా పాకుతుంది. ఆపగానే రెట్టింపై లేస్తుంది. నెలల తరబడి రాస్తే చర్మం పలచబడి, గజ్జల్లో గర్భిణి పొట్ట మీద పడే చారల్లాంటివి పడతాయి, అవి పోవు. ట్యూబు మీద క్లోబెటసాల్, బీటామెథసోన్, మొమెటసోన్ అనే పేర్లుంటే స్టెరాయిడ్ ఉన్నట్టు. ఇంట్లో చదువుకునే పిల్లలతో చదివించుకోండి. 2018లో కేంద్రం ఇలాంటి పూత స్టెరాయిడ్లను చాలావాటిని డాక్టరు చీటీ ఉంటేనే అమ్మాలనే పట్టికలో చేర్చింది. ట్యూబులో స్టెరాయిడ్ ఉందా అని అడగడం మీ హక్కు.

ఉత్త బూజు మందు, అంటే క్లోట్రిమజోల్, టెర్బినఫిన్ లాంటివి, మచ్చ అంచు దాటి 2 సెంటీమీటర్ల దాకా, బయటి నుంచి లోపలికి రాయాలి. మచ్చ పోయాక ఇంకో రెండు వారాలు రాయాలి. తువ్వాలు, లోపలి బట్టలు ఎవరివి వాళ్ళవే. తడిసిన బట్ట ఒంటి మీద ఆరనివ్వొద్దు. ఒంట్లో చాలాచోట్ల ఉన్నా, తలలో వచ్చినా పూత చాలదు, మాత్రలు కావాలి.

తెల్లమచ్చలు: దూది తీసుకోండి

తెల్లమచ్చ అనగానే ఇల్లంతా టెన్షన్. ముందు గోరుతో మెల్లగా గీరండి. మెడ, ఛాతీ, వీపు మీది మచ్చ నుంచి సన్నని పొడి రాలితే చాలావరకు శోభి, అదీ ఒక రకం బూజే, తగ్గుతుంది. పిల్లల బుగ్గల మీద మసకగా, కాస్త గరుకుగా ఉన్న మచ్చలు కాల్షియం తక్కువై వచ్చినవి కావు, నులిపురుగుల వల్ల వచ్చినవీ కావు. చర్మం పొడిబారి వచ్చేవే ఎక్కువ. కొబ్బరినూనె రాస్తూ ఎండ తగ్గిస్తే కొన్ని నెలల్లో రంగు కలిసిపోతుంది. పాలలా తెల్లగా, పొట్టు లేకుండా, అంచు స్పష్టంగా ఉంటే బొల్లి కావచ్చు. మరాఠీలో కోడ్ అంటారు. రంగు కణాలు పోవడం అది. అంటదు, పెళ్ళి ఆపుకోవాల్సిన పని లేదు.

ఇక దూది. ఒక కౌలు రైతు ముంజేతి మీద రూపాయి బిళ్ళంత పాలిపోయిన మచ్చ చూపించాడు. నొప్పి లేదు, దురద లేదు, అందుకే ఏడాది పట్టించుకోలేదు. దూదిని వత్తిలా చేసి, ముందు మంచి చర్మం మీద తాకించి "ఇట్ల తగిలినప్పుడు వేలు పెట్టి చూపియ్యన్నా" అన్నాను. కళ్ళు మూసుకోమన్నాను. మణికట్టు మీద తాకిస్తే చూపించాడు, మోచేతి దగ్గర తాకిస్తే చూపించాడు. మచ్చ మధ్యలో మూడుసార్లు తాకించాను. చేయి కదల్లేదు. "ఇంకా పెడ్తలేవేంది సిస్టర్?" అన్నాడు. అంతశ్చర్మంలో నరాలుంటాయని చెప్పాను కదా, కుష్టు వాటినే పట్టుకుంటుంది.

అతను మొదట అడిగింది, నన్ను వరోరా ఆనందవన్‌కు పంపిస్తారా అని. బాబా ఆమ్టే కుష్టు రోగుల కోసం కట్టిన చోటు అది, మా జిల్లాల్లో అందరికీ తెలుసు. అక్కడికే కాదు, ఎక్కడికీ పోనక్కర్లేదని చెప్పాను. మాత్రలు సర్కారు దవాఖానాలో ఉచితం. రోగం తీరును బట్టి 6 నెలలో 12 నెలలో వేసుకోవాలి. మొదలుపెట్టిన కొద్ది రోజులకే ఇంకొకరికి అంటే గుణం పోతుంది. నెలకోసారి వేసే మాత్ర తర్వాత మూత్రం ఎర్రగా వస్తుంది. ఒక మాత్రకు ఒళ్ళు నల్లబడుతుంది, ఆపాక కొన్ని నెలలకు తేటబడుతుంది. ఈ రెండూ ముందే చెప్పకపోతే భయపడి మానేస్తారు.

మిగతావి

చెమటకాయలు చెమట గ్రంథి గొట్టం మూసుకుని వచ్చేవి. గాలి, చల్లటి నీళ్ళు, పలచటి నూలు బట్ట చాలు, పౌడరు దట్టంగా పూస్తే రంధ్రాలు ఇంకా మూసుకుంటాయి. నల్లజీడి రసం తగిలి బొబ్బలు లేస్తే వెంటనే సబ్బుతో బాగా కడిగి దవాఖానాకు పోండి, సున్నం పెట్టొద్దు.

అక్కి విషయంలో మాత్రం ఆలస్యం వద్దు. ఒంటికి ఒక్క పక్కనే, పట్టీలా, మంటతో నీటిపొక్కులు వస్తే అది చిన్నప్పటి ఆటలమ్మ వైరస్ నరంలో దాక్కుని మళ్ళీ లేచింది. జాజుతో అక్కి రాయించుకుంటామంటే నేను ఎవరితోనూ పోట్లాడలేదు, కానీ పొక్కులు లేచిన 72 గంటల్లోపు మొదలైతేనే వైరస్ మాత్రలు బాగా పనిచేస్తాయి. ముందు దవాఖానా, తర్వాత మీ ఇష్టం. పొక్కులు నుదుటి మీదో ముక్కు కొన మీదో ఉంటే కన్నుకు ముప్పు, ఆ పూటే బయల్దేరండి.

ఏదైనా మాత్ర వేసుకున్నాక ఒంటి మీద ఎర్రమచ్చలతో పాటు నోట్లో, కళ్ళలో పుండ్లు లేచినా, దద్దుర్లతో పెదాలు ఉబ్బి ఊపిరి ఆడకపోయినా, ఎరుపు గంటగంటకూ పాకుతూ జ్వరం వచ్చినా, తెల్లారేదాకా ఆగొద్దు. 108కి ఫోన్ చేయండి. వేసుకున్న మాత్రల పట్టీ కూడా వెంట పట్టుకెళ్ళండి.