శ్రీకాకుళంలో డాబా మీద ‘బినీత్ ద ప్లానెట్ ఆఫ్ ది ఏప్స్’ వేయాలంటే

1968 నాటి మొదటి సినిమా చూడనివాళ్లకు 1970లో వచ్చిన ఈ రెండో భాగం అర్థం కాదు. అందుకే ముందురోజు అది వేయండి. రెండూ ఒకే రాత్రి పెడితే దాదాపు మూడున్నర గంటలవుతుంది, చివరికొచ్చేసరికి సగం మంది నిద్రలో ఉంటారు.

తెర పదడుగుల వెడల్పు చాలు. బొమ్మ వెడల్పు, ఎత్తుల నిష్పత్తి 2.35:1 కాబట్టి ఎత్తు నాలుగుంపావు అడుగులే వస్తుంది. అయినా గుడ్డ ఐదున్నర అడుగులకు తగ్గొద్దు, సబ్‌టైటిళ్లు కింది నల్లపట్టీలో పడతాయి. త్రో రేషియో (తెర దూరాన్ని బొమ్మ వెడల్పుతో భాగిస్తే వచ్చే అంకె) 1.5 ఉన్న ప్రొజెక్టర్‌ని పదిహేనడుగుల దూరంలో పెట్టండి. సాయంత్రం సముద్రపు గాలికి గుడ్డ తెరచాపలా ఉబ్బి ఫోకస్ పోతుంది. పైనా కిందా వెదురుబొంగులు కట్టి లాగండి.

మేలో ఏడుంపావుకు ముందు మొదలుపెట్టొద్దు. భూగర్భంలో శిథిలమైన న్యూయార్క్, అణుబాంబును దేవుడిగా కొలిచేవాళ్లు, అంతా చీకటి దృశ్యాలే. వెలుతురుంటే ఏమీ కనిపించదు.

అసలు జాగ్రత్త ముగింపు దగ్గర. బాంబు పేలి భూమి అంతమవుతుంది, తెర తెల్లబడుతుంది, ఒక గొంతు రెండు మాటలు చెబుతుంది. ఫైలు ఆగిపోయిందనుకుని ఎవరో ఒకరు లైటు వేసేస్తారు. స్విచ్ దగ్గర సినిమా తెలిసినవాళ్లనే కూర్చోబెట్టండి. ప్రొజెక్టర్‌కి, స్పీకర్‌కి ఇన్వర్టర్ కనెక్షనే ఇవ్వండి. ఆ చివరి నిమిషంలో కరెంటు పోతే సినిమా చూపించనట్టే.