మార్కెట్ యార్డు ధరల ఏపీఐ: కీకి దరఖాస్తు, అజూర్‌లో చేర్చడం, పరీక్షించడం

విజయనగరంలో మొక్కజొన్న కొనే ఒక వర్తకుడు ఈమధ్య అడిగిన పని ఇది. యార్డుల ధరలు రోజూ పొద్దున్నే తన ఫోనులో కనిపించాలి, తనకు సరుకు వేసే రైతులకూ కనిపించాలి. ఆ ధరలను కేంద్ర ప్రభుత్వ ఓపెన్ డేటా వేదిక ఏపీఐ ద్వారా, అంటే ఒక ప్రోగ్రాం మరో ప్రోగ్రాంను సమాచారం అడిగే దారి ద్వారా, ఉచితంగానే ఇస్తోంది. చిక్కల్లా వాటిని మన యాప్ దాకా తెచ్చే దారిలో రెండు తాళాలు ఉండడమే. ఒకటి ప్రభుత్వానిది, రెండోది మైక్రోసాఫ్ట్ క్లౌడ్ సేవ అజూర్‌లో మనం వేసుకునేది. మా దగ్గర పని నేర్చుకునే కుర్రాళ్లు తడబడేదీ ఎక్కువగా ఈ రెండు తాళంచెవులను (కీలను) కలగలిపేసుకోవడం వల్లే.

ముందు ప్రభుత్వ కీ

డేటా డాట్ గవ్ డాట్ ఇన్ అనే ఈ వేదికను నేషనల్ ఇన్ఫర్మాటిక్స్ సెంటర్ నిర్వహిస్తోంది. ఖాతా తెరిచి లాగిన్ అయితే ‘మై అకౌంట్’ పేజీలో ఏపీఐ కీ పుట్టించే బటన్ ఉంటుంది. రుసుము లేదు, గెజిటెడ్ సంతకాలు అక్కరలేదు. అక్షరాలూ అంకెలూ కలిసిన ఆ పొడవాటి వరసను కాపీ చేసి భద్రపరచుకోండి.

ప్రతి ఏపీఐ పేజీలోనూ నమూనా కీ ఒకటి కనిపిస్తుంది. దానితో సరిపెట్టుకోవద్దు. అది గరిష్ఠంగా 10 వరసలే ఇస్తుంది. నేను దాన్నే పెట్టుకుని ఒక సాయంత్రమంతా శ్రీకాకుళం కోసం వెతికాను. వచ్చిన పదీ వేరే రాష్ట్రాలవి. మన జిల్లా సమాచారమే లేదని వర్తకుడికి చెప్పబోయి, చివరి నిమిషంలో ఆ 10 పరిమితి గమనించాను.

రోజువారీ మార్కెట్ ధరల ఏపీఐలో ఒక్కో వరసలో రాష్ట్రం, జిల్లా, మార్కెట్, సరుకు, రకం, తేదీ, కనిష్ఠ, గరిష్ఠ, మోడల్ ధరలు ఉంటాయి. మోడల్ ధర అంటే ఆ రోజు ఎక్కువ లావాదేవీలు జరిగిన ధర. రైతుకు చూపించాల్సింది అదే. లెక్క క్వింటాలుకు. మన వైపు బేరం బస్తాల్లో నడుస్తుంది కాబట్టి ఆ మార్పిడి యాప్‌లో మీరే చేయాలి.

అజూర్‌లో చేతితో చేర్చడం

వివరణ ఫైలు ఉంటే దిగుమతి చేసుకునే వీలుంది. అయినా మొదటిసారి చేతితోనే చేర్చమంటాను. ఏ ముక్క ఎక్కడికి వెళ్తుందో అప్పుడే తెలుస్తుంది. ముందుగా ఏపీఐ మేనేజ్‌మెంట్ సర్వీసు ఒకటి సృష్టించాలి. యాప్‌కూ ప్రభుత్వ సర్వర్‌కూ మధ్య నిలబడే గేట్‌వే ఇదే. డెవలపర్ శ్రేణి అయితే సిద్ధమవడానికి అరగంట పైనే పట్టవచ్చు. కన్‌జంప్షన్ శ్రేణి త్వరగా వస్తుంది కానీ అందులో డెవలపర్ పోర్టల్ (బయటివారు మన కీకి దరఖాస్తు పెట్టే వెబ్‌సైటు) ఉండదు. అది మనకు చివర్లో కావాలి.

సర్వీసు తెరిచి, ఎడమవైపు ‘ఏపీఐస్’లో ‘యాడ్ ఏపీఐ’ నొక్కి, ‘హెచ్‌టీటీపీ’ ఎంచుకోండి. పేరు మీ ఇష్టం. జాగ్రత్తంతా ‘వెబ్ సర్వీస్ యూఆర్ఎల్’ గడిలో ఉండాలి. అక్కడ ప్రభుత్వ ఏపీఐ సర్వర్ చిరునామాను ‘డాట్ ఇన్’ దగ్గర ఆపేయండి. ‘స్లాష్ రిసోర్స్’ అన్న భాగం తర్వాత చేర్చే ఆపరేషన్‌లోకి వెళ్తుంది. రెండుచోట్లా రాస్తే చిరునామాలో ఆ మాట రెండుసార్లు పడి, అవతలి సర్వర్‌కు అది అర్థం కాదు. కింద ‘సఫిక్స్’ గడిలో ‘ధరలు’ అన్న అర్థంలో ఇంగ్లిషు మాట ఏదైనా ఇవ్వండి. అది మన గేట్‌వే ముందుభాగానికే, ప్రభుత్వ సర్వర్ దాకా పోదు.

సృష్టించాక ‘యాడ్ ఆపరేషన్’ నొక్కి, ‘గెట్’ పద్ధతి ఎంచుకుని, దారి రాయండి. డేటాసెట్ గుర్తింపు సంఖ్యను మీసాల బ్రాకెట్లలో పరామితిగా పెట్టవచ్చు. ఫార్మాట్, లిమిట్, ఫిల్టర్లు ‘క్వెరీ’ ట్యాబ్‌లో చేరతాయి. ఫిల్టర్ పేరులో చదరపు బ్రాకెట్లు ఉంటాయి. ఏపీఐ పేజీలో ఉన్నది ఉన్నట్టు అతికించండి.

ప్రభుత్వ కీని మాత్రం అక్కడ రాయవద్దు. ‘నేమ్డ్ వాల్యూస్’లో రహస్యంగా దాచి, ఇన్‌బౌండ్ పాలసీలో (లోపలికి వచ్చే అభ్యర్థనలకు పెట్టే నియమాల్లో) ‘సెట్ క్వెరీ పారామీటర్’ ద్వారా ప్రతి అభ్యర్థనకూ గేట్‌వేయే జతచేసేలా చేయాలి. ఆ కీ మీ పేరున జారీ అయింది, రైతు ఫోనులో ఉండాల్సిన పని లేదు.

పరీక్ష

‘టెస్ట్’ ట్యాబ్‌లో ఆపరేషన్ ఎంచుకుని, విలువలు నింపి, ‘సెండ్’ నొక్కండి. మొదట రాష్ట్రం ఫిల్టర్ ఒక్కటే పెట్టండి. జిల్లా పేరును ఊహించి టైపు చేయవద్దు. విజయనగరాన్ని ఇంగ్లిషులో జెడ్‌తో రాస్తారు, జేతోనూ రాస్తారు. పైగా 2022 ఏప్రిల్ 4న పార్వతీపురం మన్యం కొత్త జిల్లా అయింది. అంతకుముందు శ్రీకాకుళం జిల్లాలో ఉన్న పాలకొండ ఇప్పుడు అందులో ఉంది. వచ్చిన సమాచారంలో ఏ స్పెల్లింగ్ ఉందో చూసి దాన్నే కాపీ చేయడం క్షేమం.

200 అని, అంటే పిలుపు ఫలించిందని వస్తే సగం పనే అయినట్టు. అజూర్ పోర్టల్‌లో మీరు యజమాని కాబట్టి, గేట్‌వే సబ్‌స్క్రిప్షన్ కీని, అంటే మన తాళంచెవిని, పోర్టలే అభ్యర్థన హెడర్‌లో పెట్టేస్తుంది. బయటివారికి ఆ సౌకర్యం లేదు. అందుకే పోర్టల్ మూసి, మరో కంప్యూటర్ నుంచి కీ లేకుండా ఒకసారి, కీతో ఒకసారి పిలవండి. మొదటిసారి 401, అంటే ప్రవేశం లేదన్న జవాబు రావాలి. రాకపోతే మీ తలుపు బార్లా తెరిచి ఉందన్నమాట. 404 వచ్చి ‘రిసోర్స్ నాట్ ఫౌండ్’ అంటే దారిలోనో, గెట్, పోస్ట్ పద్ధతిలోనో తేడా చూడండి. కీకి అనుమతి లేదన్న మాట ప్రభుత్వ సర్వర్ నుంచి వస్తే, మన తాళం బాగానే ఉంది, పాలసీలో దాచిన కీ చూసుకోవాలి.

ఇక వర్తకుడి దరఖాస్తు

ఒక ప్రోడక్ట్ (ఏపీఐలను కలిపి బయటివారికి ఇచ్చే కట్ట) సృష్టించి, ఈ ఏపీఐని అందులో చేర్చి, ‘అనుమతి అవసరం’ అన్న ఎంపిక పెట్టి ప్రచురించండి. డెవలపర్ పోర్టల్‌ను కూడా ప్రచురించాలి. వర్తకుడి యాప్ తయారుచేసే వ్యక్తి అక్కడ నమోదై, ప్రోడక్ట్ తెరిచి, సబ్‌స్క్రిప్షన్‌కు ఒక పేరిచ్చి దరఖాస్తు పెడతాడు. ‘సబ్‌స్క్రిప్షన్స్’ పేజీలో మీరు ఆమోదించిన తర్వాతే అతని కీలు పనిచేస్తాయి. కీలు రెండు వస్తాయి. మొదటిది ఎవరి చేతిలోనైనా పడితే, యాప్ సర్వర్‌ను రెండో కీకి మార్చుకోమని చెప్పి, ఆపైన మొదటిదాన్ని కొత్తగా పుట్టించండి. ఈ వరస తిరగేస్తే పొద్దున్నే వర్తకుడి నుంచి ఫోను వస్తుంది.